అన్నా చెల్లెలు, ఒకే విభాగం

కూతురు సంయుక్తకు వచ్చిన ప్రశంసాపత్రాన్ని గోడకు తగిలించాలి, మేకు కొట్టమని కిషన్ రావు కొడుకునే అడిగాడు.

ఆదివారం పొద్దున. ఉమాకాంత్ అప్పుడే చిక్కడపల్లి మార్కెట్ నుంచి వచ్చి కూరగాయల సంచి కింద పెట్టాడు. హాల్లో సోఫా మీద తండ్రి కూర్చుని ఉన్నాడు. ఆయన ఒళ్లో అద్దం బిగించిన ఆకుపచ్చ అంచు కాగితం. మోకాళ్ల నొప్పులని వీధి చివరి గుడికి కూడా వెళ్లని మనిషి, ఆటో ఎక్కి నారాయణగూడ దాకా పోయి ఫ్రేము కట్టించుకొచ్చాడు.

"దానింట్ల గోడ లేదా నాయినా?" అన్నాడు ఉమాకాంత్.

"ఉంది. నాకొక జిరాక్స్ ఇయ్యమన్న. అసలుదే ఇచ్చింది. జర ఎత్తుల కొట్టు, వచ్చినోళ్లకు కనవడాలె."

ఉమాకాంత్ స్టూలెక్కాడు. మేకు ఒకసారి వంకరపోయింది. రెండోది తిన్నగా దిగింది. ఫ్రేము తగిలించి కిందికి దిగేసరికి తండ్రి దాన్నే చూస్తూ, పెదవులు కదుపుతూ చదువుకుంటున్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఉమాకాంత్ భార్య విజయశ్రీ భర్త ముఖం చూసి, సంచి తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

తండ్రి పెట్టిన కిషన్ ప్రింటర్స్‌ను పెళ్లికి ముందు నుంచీ ఉమాకాంతే నడుపుతున్నాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తండ్రి నోట శభాష్ అన్న మాట వినలేదు. ఏ అచ్చు చూపించినా కిషన్ రావు కళ్లజోడు పైకి తోసి, కాగితాన్ని వెలుతురుకు పెట్టి, "రంగు మీద రంగు జర పక్కకు జరిగినట్టున్నది" అనేవాడు. జరగకపోయినా అనేవాడు.

అన్నా చెల్లెలు ఇద్దరూ ఒకే మందుల కంపెనీకి సరుకిస్తారు. మాత్రలు పెట్టే అట్టపెట్టెలు, వాటి లోపల మడతపెట్టి వేసే సన్న కాగితాలు ఉమాకాంత్ అచ్చువేస్తాడు. సీసాల మీద అంటించే లేబుళ్లు సంయుక్తవి. పటాన్‌చెరు దగ్గరి ఆ కంపెనీ మందులు కొనే విదేశాలవాళ్లు రెండేళ్ల కింద ఒక షరతు పెట్టారు. మీ ఫ్యాక్టరీలో పొగ తగ్గిస్తే సరిపోదు, మీకు సరుకు పంపేవాళ్ల దగ్గర కూడా కార్బన్ తగ్గాలి, ఎంత తగ్గిందో మాకు చూపించాలి అన్నారు. ఆ కంపెనీకి సరుకూ సేవలూ అందించేవాళ్లు వందల మంది. రసాయనాలు తయారుచేసేవాణ్ణీ క్యాంటీన్ నడిపేవాణ్ణీ ఒకే తక్కెడలో తూచలేరు. అందుకని ఎవరి పరిశ్రమను బట్టి వాళ్లను విడదీశారు. రసాయనాలవాళ్లు ఒక విభాగం, లారీలవాళ్లు ఒక విభాగం, ప్రింటింగు ప్యాకేజింగువాళ్లు ఒకటి. డిజైన్లు గీసేవాళ్లు, సెక్యూరిటీవాళ్లు, క్యాంటీన్‌వాళ్లు, వీళ్లందరూ సేవల విభాగం. ఏ విభాగం ప్రశ్నలు దానివి, ఏ విభాగం కొలత దానిది. ఎవరి విభాగంలో వాళ్లకు గ్రేడులు.

మొదటి ఫలితాలు ఆ జనవరిలో వచ్చాయి. ఒక హోటల్లో సభ పెట్టి, అన్నిటికంటే పైదైన 'ఏ' గ్రేడు వచ్చినవాళ్లను స్టేజీ మీదికి పిలిచారు. సంయుక్త పట్టుచీర కట్టుకుని, తండ్రిని వెంటబెట్టుకుని వెళ్లింది. ఉమాకాంత్‌కు సీ గ్రేడు వచ్చిందని కంప్యూటర్‌లో మెయిల్ వచ్చింది. అతను సభకు వెళ్లలేదు. జలుబు చేసిందన్నాడు.

ఆ రోజు నుంచి అతనికి చెల్లెలి పేరు వింటే అన్నం సహించేది కాదు. ఇంటికి ఎవరొచ్చినా తండ్రి గోడ వైపు చెయ్యి చూపేవాడు. బర్కత్‌పుర నుంచి చుట్టాలొస్తే వాళ్ల ముందూ అదే మాట. "మా పొల్ల లెక్క కష్టపడెటోళ్లు లేరు. రెండు కంప్యూటర్లతోని మొదలుపెట్టింది." అది నిజమే. అశోక్ నగర్‌లో కోచింగ్ సెంటర్ల పిల్లలకు నోట్సులు టైపు చేసి ఇచ్చే షట్టరు ఒకటి కిరాయికి తీసుకుని సంయుక్త మొదలుపెట్టింది. తర్వాత మందుల కంపెనీకి లేబుళ్ల డిజైన్లు గీసి ఇచ్చింది. తర్వాత లేబుళ్లే అచ్చువేసి ఇచ్చింది. ఉమాకాంత్ మెషిన్ల చప్పుడులో నిలబడి, సిరా వాసన పీల్చి, వేళకు తినక సంపాదించిన పేరు సీ గ్రేడు. ఏసీ గదిలో కూర్చున్న చెల్లెలికి 'ఏ' గ్రేడు. పడుకున్నా లేచినా అతనికి ఇదే లెక్క.

ఫిబ్రవరి మొదట్లో అభిజిత్ ప్రెస్‌కు వచ్చాడు. సప్లయర్లను పరిశీలించడానికి కంపెనీ పెట్టుకున్న సంస్థ మనిషి. ముప్పై ఏళ్లు కూడా ఉండవు, మెత్తగా మాట్లాడతాడు. సీ గ్రేడు వచ్చినవాళ్లకు ఎందుకొచ్చిందో వివరించడం అతని పని.

"సార్, మీ విభాగంల కొలత ఒక్కటే. కంపెనీకి మీరు పంపే కిలో సరుకుకు ఎంత కార్బన్ అయితున్నది. మీ జనరేటర్ డీజిల్, పాడైన కాగితం, సరుకు తీస్కపోయే వ్యాన్, అన్నీ అందుల వస్తయి."

"మరి అందరికీ గట్లనేనా?"

"మీ విభాగంల అందరికీ గట్లనే. సేవల విభాగమైతే వేరు. వాళ్లకు కరెంటు ఒక్కటే చూస్తం. కాగితం, వేస్టు వాళ్లకు ఉండయి కదా."

సేవల విభాగం అనగానే ఉమాకాంత్‌కు చెల్లెలు గుర్తొచ్చింది. టీ తెప్పించాడు. అభిజిత్ తాగాడు. తర్వాత, గోడ మీది క్యాలెండర్ చూస్తూ, ఎవరి గురించో మాట్లాడుతున్నట్టు అడిగాడు.

"డిజైన్ల పేరుమీద సేవలల్ల ఉన్నోళ్లు మెషిన్లు పెట్టి ప్రింటింగ్ చేస్తే?"

"అప్పుడు విభాగం మారాలె సార్. ఎవరన్న ఉన్నరా?"

"నాకేం తెల్సు. ఊరికే అడుగుతున్న. ప్రింటింగ్ అంటే ప్రింటింగే కదా, పెట్టె అయినా లేబులైనా." టీ ట్రే అతని వైపు జరుపుతూ అన్నాడు. "అశోక్ నగర్ దిక్కు పోయినప్పుడు జర లోపలిదాకా చూడండి. ముందు గది చూసి వచ్చుడు కాదు."

అభిజిత్ అతని ముఖంలోకి చూశాడు. అశోక్ నగర్‌లో ఆ కంపెనీకి సరుకిచ్చేది ఒక్కరే. టీ కప్పు జాగ్రత్తగా ట్రేలో పెట్టి వెళ్లిపోయాడు.

లోపలి గదిలో ఏముందో ఉమాకాంత్‌కు బాగా తెలుసు. కిందటి దసరాకు ఆయుధపూజకని సంయుక్త స్వయంగా ఇంటికి వచ్చి పిలిచింది. రోల్ మీద లేబుళ్లు అచ్చువేసే కొత్త డిజిటల్ మెషిను, దాని పక్కన లేబుళ్లను ఆకారానికి కోసే మెషిను. "పెద్దోడివి, నీ చెయ్యి మంచిది అన్నా" అని అతని చేతనే బొట్టు పెట్టించింది. గుమ్మడికాయ అతనే కొట్టాడు.

పది రోజులు తిరక్కుండానే సంగతి తేలింది. కంపెనీ సంయుక్తను సేవల విభాగం నుంచి తీసి ప్రింటింగు విభాగంలో వేసింది. 'ఏ' గ్రేడు రద్దయింది. కొత్తగా పరిశీలన పూర్తయ్యేదాకా ఆమెకు కొత్త ఆర్డర్లు ఆపేశారు.

ఆ కబురు తండ్రికి చెప్పింది ఉమాకాంతే. సాయంత్రం ఆయన పక్కన కూర్చుని, గొంతులో బాధ పెట్టుకుని చెప్పాడు. ఆ బాధ ఎంత బాగా కుదిరిందో అతనికే ఆశ్చర్యంగా ఉంది.

కిషన్ రావు అంతా విన్నాడు. "కాగితం వాపసు ఇయ్యమన్నరా?"

"అడగలే."

"అయితే ఉండనియ్ గోడకు."

అంతే. ఉమాకాంత్ లేచి వెళ్లి ముఖం కడుక్కున్నాడు. అయినా ఆ వారం అతనికి ఆకలి బాగా వేసింది. విజయశ్రీ వడ్డిస్తూ, "ఏందో ఖుషీగున్నరు" అంది. ఈసారి కాగితం చవకగా దొరికిందన్నాడు.

ఆ ఖుషీ ఎక్కువ రోజులు నిలవలేదు. ఒక మధ్యాహ్నం కురుమమ్మ ప్రెస్ మెట్ల దగ్గర నిలబడింది. పాలమూరు దిక్కు నుంచి వచ్చి కవాడిగూడ బస్తీలో ఉంటున్న మనిషి. ఒకప్పుడు ఇక్కడే కాగితాలు మడతపెట్టేది. తర్వాత సంయుక్త దగ్గర లేబుళ్ల రోల్సు చూసి, పాడైనవి ఏరే పనిలో చేరింది.

"ఏమన్న పనుందా అన్నా?" అంది.

"సంయుక్త దగ్గర చేస్తున్నవ్ కదా."

"అక్కకు ఆర్డర్లు ఆగినయట. నలుగురం ఉంటిమి. మిషిన్ దగ్గరి పిలగాణ్ణి ఉంచుకుంది. మమ్ముల్ని జర ఆగి రమ్మన్నది. పొద్దుగాల కూలీల అడ్డా మీద నిలవడుతున్న. ఇటుకలు మోసుడు నాతోని అయితలేదన్నా, నడుము పట్టుకుంటున్నది."

ఉమాకాంత్ ఆమెను చూడలేక లోపలి మెషిను వైపు చూశాడు. "రేపట్నుంచి రా" అన్నాడు. నిజానికి ఆ నెల మడతపెట్టే పని అంత లేదు. ఆమె దండం పెట్టబోతే, "ఎందుకు దండాలు, పో" అని విసుక్కున్నాడు. ఆ తర్వాత గది తలుపు మూసుకుని కూర్చున్నాడు. చెల్లెలి మీద రాయి వేస్తే ఎవరి నడుముకో తగిలింది. అయినా చెల్లెలి మీద కోపం తగ్గలేదు. ఈమె పని పోవడానికి కూడా సంయుక్తే కారణమన్నట్టు మనసు ఎటో దారి వెతుక్కుంటోంది. ఆ వెతుకులాట చూసి అతనికి తన మీదే అసహ్యం వేసింది.

ఏప్రిల్‌లో ప్రింటింగు విభాగం ఫలితాలు మళ్లీ వచ్చాయి.

సంయుక్తకు 'ఏ' గ్రేడే వచ్చింది. సేవల విభాగంలో వచ్చినట్టు కాదు, అట్టపెట్టెలవాళ్లూ లేబుళ్లవాళ్లూ అందరూ ఉన్న విభాగంలో, హైదరాబాద్ సప్లయర్లందరిలోకీ మొదటి స్థానం. ఉమాకాంత్ సీ నుంచి ఇంకా కిందికి దిగాడు. విభాగం సగటుతో పోల్చి గ్రేడు వేస్తారు. ఆమె వచ్చి చేరడంతో ఆ సగటే మారిపోయింది. ఇప్పుడు అందరికంటే వెనక ఉన్నది అతనే. ఆరు నెలల్లో మెరుగుపడకపోతే ఆర్డర్లు తగ్గిస్తామని కంపెనీ తెలియజేసింది.

అతను అభిజిత్‌కు ఫోన్ చేశాడు.

"ఇదేం పద్ధతి? లేబుళ్లు వేరు, పెట్టెలు వేరు. రెండిటినీ ఒక్క తాన ఎట్ల కొలుస్తరు?"

"సార్, పెట్టె అయినా లేబులైనా ప్రింటింగ్ ప్రింటింగే అని మీరే అన్నరు కదా."

ఉమాకాంత్ ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"ఇంకొక మాట సార్. వెనకున్నవాళ్లకు అదే విభాగంల ముందున్నవాళ్లను జత చేస్తున్నం, ఆరు నెలలు. నెలకొకసారి వచ్చి చూసి, ఏం మార్చాలె చెప్తరు. మీకు సంయుక్త మేడమ్‌ను వేసిన్రు. దగ్గరగ ఉంటరని."

"ఆమె నా చెల్లె."

"తెల్సు సార్. మేడమ్ చెప్పిన్రు. వద్దంటే వేరేవాళ్లను వేస్తమన్న. ఆమెనే వస్తనన్నరు."

ఆమె మే నెలలో వచ్చింది. ప్రెస్ గడప తొక్కి చాలా ఏళ్లయింది. డిగ్రీ చదివేటప్పుడు కోఠి కాలేజీ నుంచి నేరుగా ఇక్కడికే వచ్చేది. లోపలికి వస్తూనే మెషిన్ల చప్పుడుకు ఒక నిమిషం నిలబడిపోయింది. తర్వాత చెప్పులు బయట విడిచి, ఒక్కొక్కటీ చూస్తూ వెళ్లింది. జనరేటరు దగ్గర ఆగింది. కరెంటు పోయినప్పుడు ఎంతసేపు నడుస్తుందని మెషిన్ మీదున్న ఎంకయ్యను అడిగింది. కరెంటొచ్చినా కాసేపు అట్లే నడిపిస్తామని అతను చెప్పాడు. పాడైన షీట్ల కుప్ప చూసింది. రంగు కుదిరేదాకా ఎన్ని పోతున్నాయని అడిగింది. అట్టపెట్టెలు సగం నిండిన వ్యాన్ పటాన్‌చెరుకు బయల్దేరుతుంటే, "రేపటివి కూడా కలిపి పంపొచ్చు కదా" అంది. అన్నీ మామూలు మాటలే. అన్నీ తనకు తెలిసినవే. అందుకే ఒక్కొక్క మాటకూ ఉమాకాంత్ చెవులు కాలుతున్నాయి.

కురుమమ్మ ఆమెను చూసి లేచి నిలబడింది. సంయుక్త ఆమె భుజం మీద చెయ్యి వేసి, "ఆర్డర్లు షురూ అయినయ్. వస్తవా, ఇక్కడనే ఉంటవా?" అంది.

"ఈ నెల అన్న కాడ చేసి వస్త అక్కా."

లోపలి గదిలోకి వచ్చాక సంయుక్త తలుపు దగ్గరగా వేసింది. కుర్చీలో కూర్చుని కొంగుతో మెడ తుడుచుకుంది.

"మెషిన్ సంగతి ఆ అభిజిత్ పిలగానికి నువ్వే చెప్పినవ్" అంది.

"ఎవరన్నరు?"

"ఎవరనలే. ఆ మెషిన్ వచ్చినంక మా లోపలి గదిల అడుగు పెట్టిన బయటోడివి నువ్వొక్కడివే. బొట్టు పెట్టిన చెయ్యి అన్నా అది."

ఉమాకాంత్ తల వంచుకోలేదు. ఎన్నాళ్ల నుంచో లోపల ఉడుకుతున్నది బయటికొచ్చింది. "చెప్పిన. తప్పా? మెషిన్లు పెట్టుకుని సేవలల్ల ఎట్ల కూసుంటవ్? పట్టుచీర కట్టుకుని స్టేజీ ఎక్కేటప్పుడు నీకు తెల్వదా అది నీది కాదని?"

ఆమె బల్ల మీది పాడైన షీటు ఒకటి తీసి మడతపెట్టింది.

"తెల్సు" అంది. "విభాగం మార్చమని రెండుసార్లు అడిగిన. కంపెనీ ఆఫీసుల ఎవరూ పట్టించుకోలే. మూడోసారి గట్టిగ అడగాల్సింది. 'ఏ' గ్రేడు వచ్చిందని ఫోన్ రాంగనే నోరు మూస్కున్న. నాయినను తీస్కపోవాలె, ముందు వరుసల కూసోబెట్టాలె, అదొక్కటే ఉండె మనసుల."

"నాయిన నిన్ను నెత్తిన పెట్టుకుంటడు. నీకింక ఎందుకు?"

"ఇప్పుడు పెట్టుకుంటున్నడు." ఆమె మెషిన్ల చప్పుడు వస్తున్న దిక్కు చూసింది. "ఈ ప్రెస్‌ల అక్షరాలు పేర్చుడు నీకంటే ముందు నేను నేర్చుకున్న. నీకు క్రికెట్ ఉండె. నాయిన తాళంచెవులు నీ చేతుల పెట్టిననాడు నన్ను ఒక మాట అడగలే. ఆడపిల్ల కదా, దానికెందుకు అన్నడు. నేను ఎన్ని ఏండ్లు కుళ్లుకున్ననో నీకు తెల్వదు. ఈ సందుల నుంచి పోవద్దని చుట్టు తిరిగి పోతుంటి. నీ బోర్డు కనవడుతదని."

తనకున్న దాన్ని చూసి ఇంకెవరైనా కుళ్లుకుంటారని ఉమాకాంత్ ఎప్పుడూ అనుకోలేదు. అంతలోనే, సిగ్గుపడాల్సిన చోట, మనసు అడుగున ఒక చిన్న సంతోషం కదిలింది. ఆమె కూడా తనను చూసి ఏడ్చింది. అది అతని ముఖంలో కనబడిందేమో, సంయుక్త లేచింది.

"నీకు చెప్పకుంటనే బాగుండె" అంది. "పని చూద్దాం. ముందు జనరేటర్ తీసేయ్. బ్యాటరీలు పెట్టు. ఆరు నెలలల్ల బీ రావాలె. నిన్ను వెనకనే ఉంచిందని నా పేరు ఖరాబు చేస్కోను."

ఆమె ప్రతి నెలా వచ్చింది. చెప్పినవి ఉమాకాంత్ చేశాడు, మొదట పళ్లు కొరుక్కుంటూ, తర్వాత మామూలుగా. జనరేటరు పోయింది. రెండు రోజుల సరుకు కలిపి ఒక్క వ్యాన్‌లో పంపడం మొదలైంది. పాడయ్యే షీట్లు తగ్గాయి. తండ్రికి ఇవేవీ చెప్పలేదు. ఆమె కూడా చెప్పినట్టు లేదు. ఒకరోజు మాత్రం కిషన్ రావు, "సంయుక్త ప్రెస్‌కు వస్తున్నదట కదా" అన్నాడు. "వస్తున్నది" అన్నాడు ఉమాకాంత్. "మంచిది" అన్నాడు ఆయన. ఇద్దరిలో ఎవరికి మంచిదో చెప్పలేదు.

అక్టోబరు మొదటి వారంలో అతనికి బీ గ్రేడు వచ్చింది. చివరిసారి వచ్చిన సంయుక్త కాగితాల మీద సంతకాలు చేసి బయటికి నడిచింది. ఉమాకాంత్ ఆమె వెంట మెట్లు దిగాడు.

"ఆదివారం ఇంటికి రా. మీ వదిన అడుగుతున్నది" అన్నాడు.

ఆమె చెప్పుల్లో కాళ్లు దూర్చుకుంటూ ఆలోచించింది. "సీదా చెప్తున్న, తప్పు పట్టుకోకు. నాయినను చూసేతందుకు వస్త, పోత. నీతోని కూసొని అన్నం తినబుద్ధి ఇంకా అయితలేదు."

"సరే."

"అయినప్పుడు నేనే వస్త."

సందు మొదట్లో కొత్త కరెంటు ఆటో ఆగి ఉంది, తెల్లగా, వెనక ఆమె షాపు పేరుతో. లేబుళ్ల పెట్టెలు మోసుకుపోయేందుకు తీసుకున్నట్టుంది. డ్రైవరు దాన్ని చప్పుడు లేకుండా దగ్గరికి తెచ్చాడు. దాన్ని చూడగానే ఉమాకాంత్ కడుపులో మళ్లీ అదే మంట లేచింది. ఏ మాత్రం తగ్గలేదు. తన డీజిల్ వ్యాన్ పక్కనే నల్లటి మసి మరకతో నిలబడి ఉంది.

"అది ఎక్కడ కొన్నవ్?" అన్నాడు.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. అతను అడిగిన తీరులో ఏముందో కనిపెట్టాలన్నట్టు చూసింది. "నాంపల్లిల. మంచిగనే ఉంది, మోస్తది. అమ్మినోళ్ల నంబర్ పంపిస్త."

ఆటో సందు దాటేలోపే ఫోన్‌కు నంబరు వచ్చింది. ఉమాకాంత్ ప్రెస్ మెట్ల మీద కూర్చుని కాసేపు దాన్ని చూశాడు. తర్వాత ఆ నంబరుకు ఫోన్ కలిపాడు.